బల్ల మీది యుద్ధము, తెర మీది యుద్ధము

ఆటలకు కూడా వంశవృక్షాలు ఉంటాయి. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాలతో మన దేశంలో పుట్టిన చతురంగం ఇరానుకు పోయి చత్రంగ్ అయింది. అరబ్బుల చేతికి వచ్చి షత్రంజ్ అయింది. ఐరోపాకు చేరి చెస్ అయింది. ఉర్దూ తరగతిలో "షహ్ మాత్" అనే విద్యార్థీ, ఇంగ్లీషులో "చెక్‌మేట్" అనే విద్యార్థీ పలుకుతున్నది ఒక్క మాటనే. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. ఆ తరువాతి తరాల సంగతి మాత్రం ఎవరూ అంతగా చెప్పరు.

1780లో జర్మన్ నేలపై బ్రన్స్విక్‌లో హెల్విగ్ అనే పండితుడు చదరంగపు పలకను విస్తరించి, గళ్ళకు కొండల, నదుల, మైదానాల గుర్తుగా రంగులు పులిమి, దానిని యుద్ధవిద్య నేర్పే పాఠంగా మార్చాడు. 1824లో ప్రష్యా సైన్యంలోని రైస్విట్స్ అనే యువ అధికారి ఆ గళ్ళను కూడా తీసివేశాడు. నిజమైన భూపటాన్ని పరచి, పాచికలు చేర్చి, ఇరుపక్షాలకు నడుమ ఒక మధ్యవర్తిని కూర్చోబెట్టాడు. సైన్యాధికారుల చేతిలోని ఈ విద్యను ఇంటి నట్టింటికి తెచ్చినవారిలో ముఖ్యుడు ఒక కథకుడు. కాలయంత్రాన్నీ, అంగారక గ్రహవాసుల దండయాత్రనూ ఊహించిన హెచ్. జి. వెల్స్ 1913లో "లిటిల్ వార్స్" అనే చిన్న పుస్తకం వ్రాశాడు. సీసపు బొమ్మ సిపాయిలతో నేలమీద ఆడే యుద్ధానికి అది నియమావళి. ఈ బొమ్మల యుద్ధం ముందు నిజమైన యుద్ధం ఎంత తెలివితక్కువ వ్యవహారమో పుస్తకం చివర ఆయనే చెప్పాడు. మరుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధం వచ్చింది.

వైజ్ఞానిక కల్పనా రచయిత చేతిలో నుంచి వచ్చిన ఆ బొమ్మల యుద్ధం మరల వైజ్ఞానిక కల్పనలోనికే పోవడం వింత కాదు. 1975లో లండన్‌లో స్థాపితమై తరువాత నాటింగ్‌హామ్‌కు తరలిన గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ 1987లో ఒక ఆటను విడుదల చేసింది. పేరు వార్‌హామర్ 40,000. నియమాలు కూర్చినవాడు రిక్ ప్రీస్ట్లీ. కథాకాలం నలభై ఒకటవ సహస్రాబ్దం. మానవజాతి అంతటికీ ఒక చక్రవర్తి. ఆయన పదివేల ఏళ్ళుగా బంగారు సింహాసనం మీద శవప్రాయంగా కూర్చుని ఉంటాడు. ఆయనను నిలిపి ఉంచడానికి ప్రతిదినం వేయిమంది ప్రాణాలు ఆహుతి కావాలి. ఆయన పేర విచారణాధికారులు ఊరూరా ద్రోహులను వెదకుతారు. యంత్రాలను నడపడం మాత్రమే తెలిసి, అవి ఎట్లా పనిచేస్తాయో మరచిపోయిన జనం వాటికి ధూపం వేసి మంత్రాలు చదువుతారు. ఇది చదివి నవ్వు రాకపోతే వ్యంగ్యం ఇంకెక్కడ వెదకాలి? నిరంకుశాధికారం ఏ గతికి చేరుతుందో చూపడానికి వేసిన వికృత చిత్రం అది. దానిలో వీరులు లేరు, వీరులమనుకొనేవారు ఉన్నారు.

ఈ ఆట జరిగే తీరు కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే మా వాదమంతా అక్కడనే ఉన్నది. ఒక పెద్ద బల్ల. దానిమీద అట్టతో, చెక్కతో చేసిన శిథిల నగరం. అటూ ఇటూ ఇద్దరు మనుషులు. అంగుళంపైచిలుకు ఎత్తుండే తమ తమ బొమ్మ సైనికులను వారే అతికి, వారే రంగులు వేసి తెచ్చుకొంటారు. ఒక పటాలానికి రంగులు వేయడానికి నెలలు పడుతుంది. కొలతటేపు పట్టుకొని అంగుళాల లెక్కన అడుగు ముందుకు వేస్తారు. ఈ సిపాయికి ఆ సిపాయి కనబడతాడా అనే సందేహం వస్తే, బల్ల దగ్గరకు వంగి బొమ్మ కంటి ఎత్తునుంచి చూస్తారు. తుపాకి పేలిందనుకోండి. గురి తగిలిందా, తగిలితే గాయమైందా అని దాడి చేసినవాడు పాచికలు వేస్తాడు. తరువాత పాచికలు ఎదుటివాడి చేతికి పోతాయి. కవచం కాపాడిందా లేదా అన్నది తేల్చుకొనేది అతడే. తన సైనికుణ్ణి అతడే తన చేతితో తీసి పక్కన పెడతాడు. ఒక బొమ్మ సిపాయి చావాలంటే ఇద్దరు మనుషుల సమ్మతి కావాలన్నమాట. నియమంలో సందేహం వస్తే పుస్తకం తెరుస్తారు, తగవు పడతారు, ఒప్పుకొంటారు. ఆట ముగిసిన తరువాత చేతులు కలుపుకొని టీకి పోతారు.

ఈ ఆటను కంప్యూటరులోనికి తెచ్చే ప్రయత్నాలు 1990ల ఆరంభంనుంచే ఉన్నాయి. 1992లో "స్పేస్ క్రూసేడ్", 1993లో "స్పేస్ హల్క్", 1998లో "కేయాస్ గేట్" వచ్చాయి. "క్రూసేడ్" అనే మాట ఈ ఆటల పేర్లలో పదే పదే కనిపిస్తుంది. వారికి అది ఉత్సాహం కలిగించే పదం కావచ్చును. మాకు చరిత్ర పాఠంలోని ఒక దీర్ఘమైన అధ్యాయం. అది అట్లా ఉంచుదాము.

2004లో కెనడాలోని వాంకూవర్ నగరపు రెలిక్ సంస్థ తయారుచేసిన "డాన్ ఆఫ్ వార్" ఈ వరుసలో పెద్ద మలుపు. బల్ల మీది ఆటలో వంతులు ఉంటాయి. ఒకడు ఎత్తు వేసేదాకా మరొకడు ఆగాలి. ఇందులో ఆగడం లేదు. ఇరుపక్షాలూ ఏకకాలంలో కదులుతాయి. పాచికల గలగల వినిపించదు. ఆ లెక్కలన్నీ యంత్రం లోపలనే జరిగిపోతాయి. అయినా దీనిని చేసినవారికి మూలం మీద గౌరవం ఉన్నదని మా అభిప్రాయం. తన పటాలానికి తానే రంగులు వేసికొనే సదుపాయం అందులో ఉంచారు. సైనికులకు ప్రాణంతోపాటు ధైర్యాన్ని కూడా లెక్కగట్టారు. ధైర్యం చెడిన దళం తుపాకి చేతిలో ఉన్నా పనికిరాదు. 2006లో దానికి అనుబంధంగా వచ్చిన "డార్క్ క్రూసేడ్"లో ఏడు పక్షాలున్నాయి. క్రోనస్ అనే గ్రహం కోసం పోరు. ఆడేవాడు ఏడింటిలో దేనినైనా తనదిగా ఎన్నుకోవచ్చును. ఎన్నుకొన్న పక్షానికి తనదైన కారణం ఉంటుంది, తనదైన భాష ఉంటుంది. అన్నిటికంటె విచిత్రం ఏమంటే, అందులో ఒకే చక్రవర్తికి విధేయులైన రెండు సైన్యాలు, ఇద్దరూ ఆయన పేరే చెప్పుకొంటూ, ఒకరినొకరు నరుక్కొంటారు. ఆ ఘట్టం ఆడిన విద్యార్థికి రాజ్యశాస్త్రంలో ఒక పాఠం తప్పినట్లే.

ఏడు పక్షాలకు బదులు ఒక్క పక్షం, ఒక్క కన్ను, ఒక్క తుపాకి మిగిలితే ఏమవుతుంది? 2011లో అదే రెలిక్ సంస్థ "స్పేస్ మెరైన్" అనే ఆట చేసింది. దాని రెండవ భాగాన్ని సేబర్ అనే సంస్థ 2024 సెప్టెంబరులో విడుదల చేసింది. మన విద్యార్థుల నోట ఇప్పుడు ఎక్కువగా వినబడుతున్నది ఇదే. ఇందులో ఆడేవాడు టైటస్ అనే మహాకాయుడైన సైనికుని వెనుక నిలబడతాడు. ఎదురుగా మిడతల దండువలె వేలకొలది జీవులు. వాటికి మాట లేదు, ముఖం లేదు, కారణం లేదు. నరకడమే పని. బొమ్మలు వేసిన కళాకారుల పనితనాన్ని మేము కాదనము. ఆ కట్టడాలు, ఆ మంటలు, ఆ ఆకాశం చూస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్సు థియేటర్లలో 2024లో "కల్కి 2898" చూసిన కుర్రవాడికి కూడా కన్ను చెదురుతుంది. కాని కథ నడిచే భాగంలో బల్ల అవతలి కుర్చీ ఖాళీ. అక్కడ కూర్చునేది యంత్రం. పాచికలు అందుకొనే ఎదుటి చెయ్యి లేదు. ఎదుటివాడు లేనిచోట వ్యంగ్యం కూడా నిలవదు. చక్రవర్తి పేర విరుచుకుపడే సైనికుణ్ణి బల్ల ఇవతలనుంచి చూసినప్పుడు అతని వెర్రి మనకు కనబడుతుంది. అతని భుజం మీదుగా ప్రపంచాన్ని చూసినప్పుడు ఆ వెర్రి మనదవుతుంది.

ఇంతటి ఆటలో కూడా మూలపు గడుసుదనం పూర్తిగా చావలేదని చెప్పకపోతే అన్యాయం. మొదటి భాగం ముగింపు చూడండి. లోకాన్ని కాపాడిన టైటస్‌ను సంకెళ్ళు వేసి తీసికొనిపోతారు. నేరం మతద్రోహ శంక. ఫిర్యాదు చేసినవాడు శత్రువు కాడు. అతని కిందనే పనిచేసిన లియాండ్రోస్ అనే చిన్నవాడు, నియమగ్రంథాన్ని అక్షరాలా పాటించేవాడు. దుష్టశక్తి తగిలినా నీవు చెడిపోలేదేమని అతని ప్రశ్న. చెడిపోకపోవడమే నేరమైపోయింది. రెండవ భాగంలో వంద సంవత్సరాల పైబడిన సేవ తరువాత టైటస్ తగ్గిన హోదాతో తిరిగి వస్తాడు. పక్కనున్నవారి కళ్ళలో అనుమానం మాత్రం తగ్గదు. విధేయతను మాటిమాటికీ రుజువు చేసికొమ్మని అడిగితే మనసుకు ఎట్లా ఉంటుందో మన విద్యార్థులకు మేము విడమరచి చెప్పనక్కరలేదు. అయినా ఆటలో ఆ ఘట్టం రాగానే బొత్తాం నొక్కి దాటవేసి తరువాతి పోరుకు పరుగెత్తేవారే ఎక్కువ.

దోమలగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ల మధ్య తిరిగే యువకులకు ఈ ఆట తెలిసిన మార్గాన్ని కూడా ఆలోచించాలి. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదివేవారు, నగర కేంద్ర గ్రంథాలయం మూసే వేళదాకా కూర్చునేవారు, రాత్రి గదికి పోయి ఒక గంట ఆడుకొంటే తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కాని వారిలో ఎంతమంది ఆ బల్లను చూశారు? ఆ బొమ్మల పెట్టె ఒక్కటి కొనాలంటే వేల రూపాయలు. ఒక పటాలం కూర్చాలంటే నెల అద్దెలు కొన్ని పోవాలి. నాటింగ్‌హామ్ కుర్రవాడు బల్ల చూసి తరువాత తెర చూస్తాడు. హైదరాబాదు కుర్రవాడికి తెరే మొదలు, తెరే చివర. మూలం చేతికి రాకుండా అనువాదం ఒక్కటే వచ్చిందన్నమాట.

తెలుగు పాఠం చెప్పేవారము గనుక అనువాదమంటే మాకు చిన్నచూపు లేదు. కాని ఆదిభట్ల నారాయణదాసుగారు ఉమర్ ఖయ్యామును తెలుగు చేయదలచినప్పుడు ఏమి చేశారో గుర్తు చేసికోవాలి. ఆయన ఫిట్జెరాల్డు ఇంగ్లీషుతో తృప్తిపడలేదు. పారసీ నేర్చుకొని మూలం చదివారు. 1932లో అచ్చయిన ఆ గ్రంథంలో పారసీ మూలాన్నీ, ఇంగ్లీషు అనువాదాన్నీ పక్కపక్కన నిలిపి రెంటినీ సంస్కృతంలోనికి, అచ్చ తెలుగులోనికి తెచ్చారు. పాఠకుడు రెండూ చూసి తానే తేల్చుకోవాలి. పక్కన మూలం పెట్టుకొని చూడనిదే ఏమి పోయిందో, ఏమి వచ్చిందో తెలియదు.

ఈ అనువాదంలో ఏమి పోయిందో మా చెవులకు వినబడుతున్నది. విరామ సమయంలో వరండాలో ఒకరినొకరు "ద్రోహీ", "పరాయివాడా" అని ఆ ఆటలోని మాటలతోనే పిలుచుకొంటూ, "ప్రక్షాళన చేయండి" అని కేకలు పెట్టి నవ్వుకొంటున్నారు. పిల్లల నవ్వులాట అని మేమూ ఊరుకొని ఉండేవారమే. కాని ఇతర దేశాలలో అది నవ్వులాటగా మిగలలేదు. 2021లో స్పెయిన్‌లో జరిగిన ఒక పోటీకి ఒక ఆటగాడు నాజీ చిహ్నాలున్న దుస్తులతో వచ్చాడు. ఆ సంవత్సరం నవంబరులో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ స్వయంగా ప్రకటన చేయవలసి వచ్చింది: తమ కథలోని సామ్రాజ్యం ఆదర్శం కాదనీ, అది వ్యంగ్యమనీ, ద్వేషాన్ని మోసుకొని వచ్చేవారికి తమ బల్లల దగ్గర చోటు లేదనీ దాని తాత్పర్యం. వ్యంగ్యాన్ని ఇది వ్యంగ్యమని చాటింపు వేసి చెప్పవలసి వచ్చిందంటే ఎంత దూరం వచ్చామో చూడండి. వరండాలో "పరాయివాడు" అని నవ్వుతున్న కుర్రవాడు, రేపు మరొక వీధిలో ఆ మాట తన మీదికే వస్తే ఏమి చేస్తాడు?

ఇప్పుడు సంగతి పాలకవర్గం ముందున్నది. వార్షికోత్సవ పోటీలలో కంప్యూటరు ఆటలకు కూడా స్థానం ఇవ్వవలసిందని, ప్రయోగశాలను రెండు రోజులు అప్పగించవలసిందని విద్యార్థులు విన్నవించారు. వారి పట్టికలో మొదటి పేరు ఇదే. పేరులోనే సుత్తి ఉన్నదని ఒక పెద్దమనిషి చమత్కరించారు. మరొకరు ఆటంటేనే జూదమన్నారు. ఈ రెండవ మాటకు సమాధానం సులభం. పాచిక కనబడినంత మాత్రాన పందెం ఉన్నట్లు కాదు. సికింద్రాబాదు క్లబ్బు ఒకదానిలో జరిగిన రమ్మీ వ్యవహారంలో, 1967లోనే, అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూనే ఇ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. మా విద్యార్థులు అడిగినది పందెం కాదు.

మూడవ పెద్దలు ప్రేమ్‌చంద్‌ను తెచ్చారు. 1924 నాటి ఆ కథలో లక్నో నవాబుల కాలపు ఇద్దరు జాగీర్దారులు షత్రంజ్ బిసాత్ ముందునుంచి లేవరు; రాజ్యం కుంపణీవారి చేతికి పోతున్నా తల ఎత్తరు; చివరకు ఆటలో వచ్చిన తగవుకు కత్తులు దూసి ఒకరినొకరు పొడుచుకొని చస్తారు. గట్టి దెబ్బే. కాని ఆ కథను 1977లో సత్యజిత్ రాయ్ ఉర్దూ సంభాషణలతో చిత్రంగా తీసినప్పుడు ముగింపు మార్చిన సంగతి కూడా తలచుకోవాలి. చిత్రంలో వారు చావరు. కొట్లాడి, సిగ్గుపడి, మరల ఎదురెదురుగా కూర్చుంటారు. ఈసారి ఇంగ్లీషువారి పద్ధతిలో ఆడతారు, వజీరు స్థానంలో రాణి వస్తుంది. మూలాన్ని క్షుణ్ణంగా చదివినవాడు చేసిన మార్పు అది. రాజ్యం పోయింది నిజమే. ఎదుటి మనిషి మాత్రం మిగిలాడు. ఈ వివాదంలో మేము రాయ్ పక్షం.

అందుచేత నిషేధించమని మేము అనము. నిషేధాలు ఏమి చేస్తాయో 2020 సెప్టెంబరులో పబ్‌జీ విషయంలో చూశాము; కుర్రవాళ్ళు మరొక పేరున్న ఆటకు మారారు, అంతే. అడిగినది అడిగినట్లు ఇవ్వమని కూడా అనము. ఏ ఆటను ఇవ్వాలన్నదే ప్రశ్న. మన తెలుగు పల్లెలలో రచ్చబండల మీద, గుడి మండపాల రాళ్ళమీద గీసి ఉండే పులిజూదాన్ని తలచుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. బలాలు సమానం కావు, నడకలు సమానం కావు. పులి దూకి మేకను చంపగలదు. మేకలు చంపలేవు, చుట్టుముట్టి కదలకుండా చేయగలవు. ఆ ఆట మర్యాద ఏమిటంటే, ఒక ఆటలో పులి పట్టినవాడు తరువాతి ఆటలో మేకలు పట్టాలి. చంపడం ఎట్లాగో తెలిసినవాడికి చావకుండా నిలవడం ఎట్లాగో కూడా తెలియాలని ఆ గీతలు గీసినవారు ఎవరో అనుకొని ఉంటారు. నలభై ఒకటవ సహస్రాబ్దపు ఆటలకు కూడా ఈ కొలత చాలునని మా నమ్మకం. శత్రువు పక్షాన ఆడనిచ్చే ఆట అయితే సరే. 2003 నాటి "ఫైర్ వారియర్"లో నాయకుడు మానవుడే కాడు. మానవ సామ్రాజ్యపు సైనికులే అతనికి శత్రువులు. ఆట గొప్పది కాకపోయినా ఆ ఊహ గొప్పది. 2023లో వచ్చిన "రోగ్ ట్రేడర్"లో కఠిన విధేయతా మార్గం ఉన్నది, దానిని ధిక్కరించి దయ చూపే మార్గమూ ఉన్నది. దయ చూపినవాడు దాని మూల్యం చెల్లించుకొంటాడు.

కనుక పాలకవర్గానికి మా సలహా ఇది. ప్రయోగశాల రెండు రోజులు ఇవ్వండి. అందులో "డార్క్ క్రూసేడ్" ఆడించండి. పాత ఆట గనుక మన పాత యంత్రాలు కూడా మోయగలవు. ఏడు పక్షాల పేర్లు చీటీల మీద వ్రాసి తీయించండి. ఎవరికి ఏది వస్తే అది, రెండవనాడు చీటీలు మార్చండి. ఆడేవారు ఒకే గదిలో, ఒకరి ముఖం ఒకరికి కనబడేటట్లు కూర్చోవాలి. పక్కగదిలో ఒక బల్ల వేయించండి, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. నాటింగ్‌హామ్ బొమ్మలు అక్కరలేదు. అట్టముక్కలు, మట్టిబొమ్మలు, డజను పాచికలు, ఒక కొలతటేపు చాలును. అట్టతో హుస్సేన్ సాగర్ గట్టు, ఇందిరా పార్కు గోడ కట్టుకొని దానిమీదనే తమ భవిష్యత్ యుద్ధాన్ని ఊహించుకొమ్మనండి. నియమాలు వారే వ్రాయాలి. వాటిని ఉర్దూలో సరిదిద్దడానికి ఉర్దూ శాఖవారు ఒప్పుకొన్నారు, తెలుగు ప్రతి మేము చూస్తాము. బల్లకు కర్ర, వడ్రంగి కూలి మాత్రం పాలకవర్గమే భరించవలసి ఉంటుంది.